రెండు కోట్లూ ఒక తుమ్మూ

"ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలమ్మాయ్. నా చేతికి చిక్కినవాళ్ళు, చిక్కబోయేవాళ్ళు" అని ప్రకటించి, భూతద్దం బాబాయ్ తన అన్న కూతురి బల్ల మీద భోజనం క్యారియర్ పెట్టాడు.

మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కరైనా లేరన్న సంగతి ఆమె గుర్తు చేయలేదు. అందుకు తీరిక లేదు. ఆమె ఆ పశువుల ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్. బాబాయ్ తపాలా ఆఫీసులో ముద్రలు గుద్ది గుద్ది రిటైరై, ఉక్కపోతలో కూడా పొడుగు కోటు తొడుక్కుని తిరిగే స్వయంప్రకటిత డిటెక్టివ్. మెడలో దారానికి భూతద్దం, జేబులో ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా.

పక్క గదిలో ఒక కుక్క సన్నగా మూలుగుతోంది. రబ్బరు బంతి మింగింది. కడుపు కోసి తీయాలి. దాన్ని తెచ్చిన ముసలావిడని ఆసుపత్రిలో అందరూ అమ్మమ్మ అనే పిలుస్తారు. కిందటిసారి ఇచ్చిన మత్తుమందు కుక్కకి పడక ప్రాణం మీదికి వచ్చిందని ఆవిడకి గుర్తుంది. మందు పేరు మాత్రం గుర్తులేదు. "పొడుగ్గా ఉంటుంది బాబూ, చివర్లో 'ఇన్' అని వస్తుంది" అంది. చివర్లో 'ఇన్' రాని మందేదో డాక్టర్‌కి తట్టలేదు.

పేరంతా కంప్యూటర్‌లోనే ఉంది. కానీ బొత్తాలు నొక్కితే వివరాలు చూపించే ప్రోగ్రామ్ ఆ ఉదయమే మొండికేసింది. మిగిలింది నల్ల కిటికీ ఒక్కటే. అందులో ఆజ్ఞ టైపు చేసి, చివర సెమికోలన్ పెట్టి ఎంటర్ కొడితే సమాధానం వస్తుంది. జంతువు పేరుని రెండు సింగిల్ కోట్ల మధ్య, అంటే ఒంటి గీత గుర్తుల మధ్య పెట్టాలి. పొద్దుట్నుంచీ పిల్లులూ ఆవులూ చిలకా అన్నీ అలాగే దొరికాయి. ఈ కుక్క పేరు 'అమ్మమ్మ'స్ బంగారం'. ఆమె టైపు చేసింది. ఎంటర్ కొట్టింది. ఏమీ రాలేదు.

మళ్ళీ ఎంటర్ కొట్టింది. సహాయం అడిగింది. ఆగిపొమ్మంది. బయటికి పొమ్మంది. ఏది టైపు చేసినా మింగేసి, కొత్త వరస చూపించి ఊరుకుంటోంది కిటికీ.

"మాట్లాడదు బాబాయ్. ఏం చెప్పినా మింగేస్తోంది."

బాబాయ్ కళ్ళు మెరిశాయి. భూతద్దం తెరకి ఆనించాడు. "ఇదివరకు వరస మొదట్లో ఏముండేది?"

"ఆసుపత్రి పేరూ, బాణం గుర్తూ."

"ఇప్పుడో? పేరు మాయం. బాణం పక్కన చిన్న కత్తి."

"కత్తి కాదు బాబాయ్, గీత."

"హంతకుడి సంతకం ఎప్పుడూ గీతలాగే ఉంటుందమ్మాయ్. ఈ గదిలోంచి ఎవ్వరూ కదలకూడదు."

"నేనెక్కడికి పోతాను, డ్యూటీలో ఉన్నా."

వేలిముద్రలు తీస్తానని ఆయన పౌడరు డబ్బా తెరిచాడు. ఆమె వద్దనేలోపే కీబోర్డు మీద మంచు కురిసింది. ఆ పొడి కీబోర్డు మీద ఎంత పడిందో ఆయన ముక్కులోకీ అంత పోయింది. ఒక్క తుమ్ము తుమ్మాడు. దారం తెగి భూతద్దం కోట్ మీట మీద పడింది. దాన్ని పట్టుకోబోయిన వేలు సెమికోలన్ మీద దిగింది. వేలిని కాపాడబోయిన మోచెయ్యి ఎంటర్ మీద కూర్చుంది.

తెర ఉలిక్కిపడి లేచింది. ఇంతసేపూ మింగినదంతా కక్కేసింది. 'స్ బంగారం' దగ్గర తప్పుంది మహాప్రభో అని మొత్తుకుంటూ, ఆ కింద ఆమె అడిగిన సహాయం, పొమ్మన్న మాటలూ అన్నీ వరసగా చూపించింది.

ఆమెకి విషయం వెలిగింది. కంప్యూటర్ మన వాక్యాన్ని ముందు ముక్కలుగా కోసుకుంటుంది. రెండు కోట్ల మధ్య ఉన్నదంతా ఒకటే ముక్క. 'అమ్మమ్మ' తర్వాత వచ్చిన గుర్తుని చూసి, పేరు అక్కడితో అయిపోయిందనుకుంది. చివర పెట్టిన కోట్‌తో కొత్త ముక్క మొదలైందనుకుంది. అది మూసుకునేదాకా ఏం చెప్పినా, సెమికోలన్‌తో సహా, ఆ ముక్కలోకే పోతుంది.

"తప్పంతా సింగిల్ కోట్‌ది బాబాయ్. తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది."

బాబాయ్ గబగబా తన కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. "సింగిల్ కోటు. అంటే ఒంటరిగా వచ్చాడు. ఈ ఆసుపత్రిలో నేను కాక కోటు వేసుకున్నదెవరు?"

సరిగ్గా అప్పుడే తెల్లకోటుతో డాక్టర్ తలుపు తీశాడు. "దొరికిందామ్మా? కుక్క నీరసించిపోతోంది."

"ముందు ఆ కోటు ఎక్కడిదో చెప్పండి" అంటూ బాబాయ్ అడ్డం నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు?"

"మా బాబాయ్ సార్. ఒక్క నిమిషం ఇవ్వండి" అంది ఆమె. ప్రోగ్రామ్ పెట్టినతనికి ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. "పేరుకి అటొకటి ఇటొకటి, రెండు కోట్లతో పనైపోయేది. దీనికి రెండు కోట్లు చాలడం లేదు" అని తనలో తను గొణుక్కుంది.

"రెండు కోట్లు చాలవా?" బాబాయ్ చెయ్యి చాచాడు. "కుక్కని విడిచిపెట్టడానికి అంత అడుగుతున్నారా? ఫోన్ ఇటివ్వు, బేరం నేనాడతా."

డాక్టర్ గోడకి చేరగిలబడ్డాడు. పక్క గదిలో మూలుగు ఇంకా సన్నబడింది. ఆ చప్పుడుకి బాబాయ్ ముఖంలో వేషం ఒక్క క్షణం జారిపోయింది. "పాపం, దానికి నొప్పిగా ఉన్నట్టుందే" అన్నాడు మామూలు గొంతుతో. వెంటనే కుర్చీ లాక్కుని, పైనున్న ఆమె ఆజ్ఞని చూస్తూ ఒంటివేలితో టైపు చేయడం మొదలుపెట్టాడు.

"బాబాయ్, అదే రాస్తే మళ్ళీ అదే అవుతుంది."

"నేరస్థుణ్ణి నేరం జరిగిన చోటికే రప్పించాలి" అంటూ 'అమ్మమ్మ' దాకా వచ్చి, కోట్ మీట మీద వేలు పెట్టాడు. పౌడరు మళ్ళీ లేచింది. తుమ్మొచ్చింది. వేలు ఒకసారి కాదు, రెండుసార్లు దిగింది. ఆమె చెరపబోయేలోపు మిగతాది కొట్టేసి, సెమికోలన్ పెట్టి, ఎంటర్ మీద పిడికిలి గుద్దాడు, తపాలా ముద్ర వేసినట్టు.

తెర నిండా అమ్మమ్మ'స్ బంగారం వివరాలు వచ్చాయి. బరువు, వయసు, పడని మందు.

ఆమె నోరు తెరిచి చూసింది. పక్కపక్కనే రెండు కోట్లు ఉంటే, అది పేరు ముగింపు కాదు, పేరులోని గుర్తే అని కంప్యూటర్ గ్రహించిందన్నమాట. డాక్టర్ మందు పేరు చదివి, "అమ్మో, సిరంజిలోకి ఎక్కించింది ఇదే" అంటూ పరుగెత్తాడు.

వేరే మత్తుతో ఆపరేషన్ జరిగింది. బంతి బయటికొచ్చింది. సాయంత్రానికి కుక్క కళ్ళు తెరిచి తోక కొస కదిపింది. అమ్మమ్మ కళ్ళొత్తుకుంటూ వరండాలోకి వచ్చింది. బాబాయ్ కోటు కాలరు పైకెత్తి ఎదురెళ్ళాడు.

"హంతకుడు కత్తి గుర్తు వదిలాడమ్మా. నేను అదే గుర్తుని రెండుసార్లు చూపించాను. బెదిరిపోయి సరుకు అప్పగించాడు. మీ బంగారం మీకు దక్కింది."

"చల్లగా ఉండు నాయనా. అయితే దాని పేరు బంగారం కాదు. ఎవరి కుక్క, ఏం పేరని ఇక్కడ అడిగితే, మా మనవరాలు ముద్దుగా అలా రాయించింది."

"మరి ఇంట్లో ఏమని పిలుస్తారు?" అడిగింది ఆపరేటర్.

"డిటెక్టివ్ అంటాం."

బాబాయ్ ఛాతీ కోటు బొత్తాలు తెగేంత పొంగింది. "అంత తెలివా?"

"తెలివేం కాదు బాబూ. ఇంట్లో ఏది పోయినా ముందు ఇదే ఉరుకుతుంది. ఇల్లంతా చిందరవందర చేస్తుంది. చివరికి ఎవరో వెతికి తీశాక, తనే తెచ్చినట్టు వచ్చి మధ్యలో నిలబడుతుంది."