గడుల శుభలేఖ

ఆ ఉదయం అనంతపద్మనాభం గారు వేటపాలెంలో బస్సెక్కింది రెండే పనుల మీద. చీరాలలో జయరావు ప్రెస్సులో కూతురు జ్యోతిర్మయి శుభలేఖ ఇవ్వాలి, నేతగాడు పేరయ్యకి పెళ్ళిచీర అంచు గ్రాఫు ఇవ్వాలి. పన్నెండింటికల్లా ఇంటికొచ్చి భోంచేయాలి.

గళ్ళ కాగితం మీద చిలకల గ్రాఫు అమ్మాయే గీసింది. శుభలేఖ మాత్రం హైదరాబాదులో కంప్యూటర్లు నేర్చుకుంటున్న కొడుకు పంపాడు. పాత వీడియో గేముల్లోలా అక్షరాలన్నీ నల్లటి గడులు పేర్చి కట్టాడట. దగ్గర పెట్టుకు చూస్తే ఒక్క అక్షరమూ కనపడి చావదు. ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన హెడ్మాస్టరు ఆ మాట ఎవరితో చెప్పుకుంటారు? రెండు కాగితాలూ గడులే కావడంతో ఒకరిది ఒకరికి ఇచ్చేసి, ఇద్దరికీ ఒకటే హెచ్చరిక చేసి వచ్చారు. "ఒక్క గడి మార్చినా ఊరుకోను."

వారానికి కార్డులొచ్చాయి. భార్య రాజరాజేశ్వరి మూలలకి పసుపు రాస్తూ అడిగింది. "ఏం రాశారండీ ఇందులో?"

"మన పేర్లూ, ముహూర్తమూ. ఇంకేముంటాయి?"

"నాకు చిలకలు కనపడుతున్నాయి."

"చదువుకున్నవాళ్ళకి తెలుస్తుందిలే," అని ఆయనే వెళ్ళి రెండొందల కార్డులూ పోస్టులో వేసొచ్చారు.

మూడోరోజు ఒంగోలు నుంచి బావమరిది ఫోను. "బావగారూ, చిలకల బొమ్మ అందిందండి, ముచ్చటగా ఉంది. ఇంతకీ అమ్మాయి పెళ్ళెప్పుడు?" ఆ తర్వాత ఇంకో పది ఫోన్లు. పెదనాన్న కొడుకైతే, పెళ్ళికి పిలవకుండా బొమ్మలు పంపి ఎగతాళి చేస్తావా అని అలిగి పెట్టేశాడు. పెళ్ళి ఇంకా పన్నెండు రోజులే. మళ్ళీ అచ్చేయించి పంపితే అందేదెప్పుడు? కాగితాలు తారుమారయ్యాయని ఆయనకి అప్పటికి తెలిసొచ్చింది; పందిట్లో చివరికి తామిద్దరే మిగలాలేమో!

అప్పుడే పేరయ్య చీర తెచ్చాడు. "భలే తిప్పలు పెట్టిందండి గ్రాఫు. గడికో పోగు లెక్కన నేశాను."

"నేసేముందు చదవలేదుటయ్యా?"

"గ్రాఫుని చదవడమేంటండీ, నేస్తాం గానీ."

దండెం మీద ఆరేసి పది అడుగులు వెనక్కి జరిగితే, అంచు పొడుగునా తేటతెల్లంగా కనపడింది: చి.ల.సౌ. జ్యోతిర్మయి, ముహూర్తం, కల్యాణ మండపం, విందు ఎక్కడో.

"చేతిలో శుభలేఖ లేకుండా పిలుపేంటండీ? ఇదే పట్టుకెళదాం," అంది రాజరాజేశ్వరి. దంపతులిద్దరూ చీర మోసుకుని ఊరూరా తిరిగారు. ప్రతి వాకిట్లోనూ ఆరేసి, అందరినీ వెనక్కి జరగమని, చదివించి, బొట్టు పెట్టి పిలిచారు. అలిగినాయన రెండుసార్లు చదివి మెత్తబడ్డాడు.

పిలిచినవాళ్ళతో పాటు పిలవనివాళ్ళూ వచ్చారు. పురోహితుడు వెంకటనారాయణ గారు మాత్రం, "ముహూర్తం దాటిపోతోంది, అమ్మాయి చీర వదలండమ్మా," అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళంతా వెతుకుతున్న, విందు ఎక్కడో రాసిన ముక్క కుచ్చిళ్ళలోకి వెళ్ళిపోయింది మరి.