శాకాహారి సాత్విక్‌కు ముక్క పరీక్ష

ఆ ఆదివారం పొద్దున బదరీనారాయణ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ప్రొద్దుటూరు శాకాహార ప్రచార సంఘం వాళ్లు ఇంటికొస్తారు, ఉగ్గాని, బజ్జీలు తింటారు. ఆయన పక్కన బుద్ధిగా కూర్చున్న కుక్కను చూస్తారు. కుక్కనే మార్చినవాడు ఊరిని మార్చలేడా అనుకుని ఆయన్ను అధ్యక్షుణ్ణి చేస్తారు. సొంత నగల అంగడి ఉన్నా ఆయన మెడ కోరుకునే నగ ఒక్కటే, పూలదండ.

కుక్క పులివెందుల నుంచి వచ్చిన జర్మన్ షెపర్డ్. ఊరి పేరులో ఉన్న పులి దాని ఒంట్లోకి రాకూడదని దానికి సాత్విక్ అని పేరు పెట్టాడు. పూటపూటకూ పెరుగన్నం, నడుమ నెయ్యి వేసిన ముద్దపప్పు, శనివారం ఒక్కపొద్దు. పెరుగన్నం తిని పెరగాల్సిన కుక్క తరగసాగింది. బొచ్చు రాలింది. కూర్చోమంటే నిలబడేది, రమ్మంటే పడుకునేది. మనుషులు మాటవరసకు పప్పులో కాలేస్తారు. సాత్విక్ నిజంగానే వేసి, గిన్నె తన్ని, ముఖం తిప్పుకుని పోయింది.

చూడలేక ఆయన భార్య లక్ష్మీదేవి, పుట్టింటికని చెప్పి, దాన్ని జమ్మలమడుగులో పశువుల డాక్టరుకు చూపించింది. ఆయన పక్కటెముకలు తడిమి, "ఇది కుక్కమ్మా, ముని కాదు. మాంసం పెట్టండి, లేదంటే బతకదు," అన్నాడు. మాంసం ఆమె గడప దాటి రాదు. అందుకని కుక్కే గడప దాటింది. మధ్యాహ్నం మొగుడు అంగడిలో ఉండగా వెనక వాకిలి తీస్తే, సాత్విక్ నేరుగా పక్కింటి మెహబూబున్నీసా పెరట్లో తేలేది.

మొగుడు కువైట్‌లో ఉన్నా ఇల్లంతా క్రమశిక్షణతో నడిపే మనిషి ఆమె. ముక్కలున్న తట్ట ముందు పెట్టి "ఠైరో" అంటే కుక్క ఆగాలి. "ఖాలే" అంటేనే తినాలి. "ఆగడం నేర్సుకుంటే అన్నీ నేర్సినట్టే అక్కా," అనేది. రెండు నెలల్లో సాత్విక్ బొచ్చు నిగనిగలాడింది. కూర్చోమంటే కూర్చుంది. పక్కింటి కుక్కర్ పెంచిన కుక్కను చూసి, ఇదంతా తన పెరుగు మహిమేనని బదరీనారాయణ ఊరంతా చాటాడు.

సంఘం వాళ్లు వచ్చారు. బజ్జీలు అయిపోయాయి. బదరీనారాయణ గొంతు సవరించుకున్నాడు.

"చూడండప్పా, దీని నోట్లోకి ఇంతవరకు ముక్క పోలే!"

అధ్యక్ష పదవి మీద తనూ కన్నేసిన గుడ్డలంగడి రంగనాయకులు మూతి తుడుచుకున్నాడు. "పెట్టనోళ్ల ఇంట్లో తినకపోతే గొప్పేముంది? నీళ్లు లేని బాయిలో ఎవడు మునుగుతాడప్పా? ముక్క ముందర పెట్టి చూడు, అప్పుడొప్పుకుంటా."

"పెడదాం!" అనేశాడు బదరీనారాయణ. అన్నాక గానీ ఆయనకు తట్టలేదు, ఆ ముక్క తెచ్చేదెవరని.

"నువ్వు పో," అన్నాడు రంగనాయకులు, కోశాధికారి కొండయ్యతో.

"నేనా? నువ్వే పో. మాంసమంగడి యాడుంటాదో నాకేం తెల్సు!"

ఎవరికీ తెలియదట. పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లు దారి తెలియని పరదేశుల్లా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఫోన్లో కోడి బొమ్మ సూపిస్తే సాలదా?" అన్నాడు ఒకాయన. చివరికి బదరీనారాయణ పక్కింటివాళ్లను అడగడానికి గోడ దగ్గరికి నడిచాడు.

"వద్దండీ," లక్ష్మీదేవి అడ్డం వచ్చింది. "ఈ పొద్దు వాళ్లింట్లో ఏమీ వండినట్టు లేదు."

గోడవతల కుక్కర్ గట్టిగా కూత పెట్టింది.

మెహబూబున్నీసా తట్టతో వచ్చేసరికి లక్ష్మీదేవి దూరం నుంచే కళ్లతో బతిమాలింది. ఆమెకు అర్థమైంది. తట్టను గడప బయట మెట్టు మీద పెట్టింది. సాత్విక్ ఒక్క దూకు దూకబోయింది.

"ఠైరో," అంది మెహబూబున్నీసా, మామూలుగా.

కుక్క అక్కడే కూలబడింది. చొల్లు కారుతోంది, తోక నేలను ఊడుస్తోంది, మూతి మాత్రం ముక్కకు జానెడు దూరంలో ఆగిపోయింది. ముక్క ముందు కుక్క అట్లా కూర్చోవడం సంఘం ఎన్నడూ చూడలేదు. చప్పట్లు మోగాయి. కొండయ్య కళ్లొత్తుకుని సంచిలోంచి దండ తీశాడు. రంగనాయకులు ముఖం ఉతికిన గుడ్డలా వెలిసిపోయింది.

అక్కడితో ఊరుకుంటే కథ దండతో ముగిసేది. కానీ గెలిచాక గమ్మున ఉంటే అది గెలుపే కాదని బదరీనారాయణ నమ్మకం.

"మెహబూబమ్మా, నువ్వే నోరారా తినమని చెప్పు. అయినా ముట్టదు. సూడండప్పా!"

"వద్దన్నా. నేను చెప్తే వింటాది."

"మాంసం మాటా? నా సాత్విక్కా వినేది? నువ్వు చెప్పమ్మా!"

మెహబూబున్నీసా లక్ష్మీదేవి వైపు చూసింది. లక్ష్మీదేవి గోడ వైపు తిరిగింది.

"ఖాలే, బేటా."

తట్ట ఖాళీ అయింది. మిగిలిన మసాలాను కూడా నాకి, సాత్విక్ వెళ్లి మెహబూబున్నీసా కాళ్ల మీద తల వాల్చింది. దండ కొండయ్య చేతిలో గాలిలోనే ఆగింది.

"పాపం, మొదటిసారి..." నసిగాడు బదరీనారాయణ.

"మొదటిసారి యాడిది? రెండు నెలలాయె," లక్ష్మీదేవి ఇటు తిరిగింది. "డాక్టరే పెట్టమన్నాడు. మీ మెడలో దండ కోసం దాని ఫోటోకు దండేస్తామా?"

బదరీనారాయణ అరుగు మీద కూలబడ్డాడు. రంగనాయకులు ఆనందానికి మాత్రం పగ్గాల్లేవు.

"ఓడిపోతివప్పా! అసలు మెడ ముక్క, దాన్ని ఇంత మెత్తగా ఉడికిస్తే కుక్క యాడ ఆగుతాది!"

"మెడదేంది నీ మొగం," దండ పట్టుకునే అన్నాడు కొండయ్య. "అది పక్కటెముక కాడిది. మెడ ముక్కకు అంత కొవ్వుండదు."

"కొవ్వు సంగతి పక్కనపెట్టండప్పా," కోడి బొమ్మ పెద్దమనిషి కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. "ఇది పొట్టేలు. మేకైతే ఈ కమ్మదనం రాదు."

బదరీనారాయణ ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇంత చదువు యాడ చదివితిరప్పా?" అడిగాడు బదరీనారాయణ. ఆయనకు నిజంగానే తెలియదు. మెడకూ తొడకూ తేడా తెలియని మనిషి ఆ సంఘంలో ఆయన ఒక్కడే.

"బెంగుళూరులో ఒక పెండ్లిలో... పక్కోళ్ల ఆకు చూసినా," అన్నాడు రంగనాయకులు.

"నాకు డాక్టరు చెప్పినాడు, బలానికి," అన్నాడు కొండయ్య.

"మా కుక్కకూ డాక్టరే చెప్పినాడు," అంది లక్ష్మీదేవి.

తర్వాత పని చకచకా జరిగిపోయింది. ఈ సంగతి గేటు దాటకూడదన్న షరతు మీద రంగనాయకులే లేచి బదరీనారాయణ పేరు ప్రతిపాదించాడు. కొండయ్య బలపరిచి, ఆగిన దండను ఆయన మెడలో వేశాడు. ఎన్నిక ఏకగ్రీవం.

ఆ పొద్దు సంఘం మొత్తంలో, ముక్క ముందు చెప్పేదాకా నోరు కట్టుకున్నది సాత్విక్ ఒక్కటే.