ఆళ్లగడ్డలో ఎవరో ఉన్నారు

ఆదినారాయణ పెరుగుగిన్నె మూత తీసి చాలాసేపు చూశాడు. పైన మీగడ లేదు.

"మీగడ ఏమాయ?"

"ఏమో," అంది పద్మమ్మ బొరుగుల ఉగ్గాని కలుపుతూ.

"ఇంట్లో ఉండేది ఇద్దురం. నేనైతే తినలేదు."

"అంటే నేను దొంగతనంగా తిన్నా అంటావు."

"నేనట్ల అనలేదు. ఉండేది ఇద్దురం, నేను తినలేదు అంటాండా. మిగతాది నువ్వే లెక్కేసుకో."

పాలు పలచగా ఉన్నాయని, మీగడ కట్టలేదని చెప్పబోయి పద్మమ్మ ఆగిపోయింది. చెబితే పాలు పోసేవాడి మీద విచారణ మొదలవుతుంది. నంద్యాలలో పైపులు, మోటార్ల అంగడి పెట్టిన ఇరవై రెండేళ్లలో ఆదినారాయణ ఎవరినీ నమ్మి మోసపోలేదు. నమ్మడమంటూ జరిగితే కదా. అలాంటి మనిషిని ఒప్పించి ఆళ్లగడ్డలో పెట్టబోయే రెండో అంగడిని తన తమ్ముడు సందీప్ చేతికి ఇప్పించడానికి ఆమెకు ఏడాది పట్టింది. శుక్రవారమే ప్రారంభం. బావ మాట మీద సందీప్ కర్నూలులో ఉద్యోగం మానేసి, భార్యాబిడ్డలతో ఆళ్లగడ్డ చేరాడు. ఈరోజు మంగళవారం. ఇంకో మూడు రోజులు ఈయన మనసు తిరక్కుండా చూస్తే చాలు.

"నేనే తిన్నాలే," అంది.

"చూసినావా!" అన్నాడు ఆదినారాయణ, కడుపు నిండినట్టుగా.

ఇల్లు పైన, అంగడి కింద. అత్తగారు రామమ్మ మోకాళ్ల వైద్యానికని ఆళ్లగడ్డలో కూతురింటికి వెళ్లినప్పటి నుంచి దేవుడి పటాలకు పూలు పెట్టడం, అంగట్లో కంప్యూటర్‌కు బొట్టు పెట్టడం రెండూ పద్మమ్మ పనులయ్యాయి. ఆమె బొట్టు పెట్టి పక్కకు జరగగానే ఆదినారాయణ కుర్చీలో కూర్చుని లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచాడు. పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. ఎర్రటి పెట్టె వచ్చింది: ఈ ఖాతా మరోచోట వాడుకలో ఉంది.

నాలుగు రోజులుగా ఇదే వరస. పగలంతా రానివ్వదు. చీకటి పడ్డాక ఏమీ ఎరగనట్టు తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ నెట్ కనెక్షన్ వాడిని తిట్టి, చేతి బిల్లులతో నెట్టుకొచ్చాడు. కానీ ఈరోజు వెలుగోడు పోవలసిన పైపుల లారీ వాకిట్లో ఉంది. కంప్యూటర్ బిల్లు లేకుండా అది కదలడానికి లేదు.

"అన్నా, నేను పండుకుంటా. బిల్లు వస్తే లేపు," అని డ్రైవర్ డేవిడ్ లారీ ఎక్కి కాళ్లు చాపాడు.

ఆదినారాయణ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. పావుగంట సన్నాయి వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేశారా సార్?"

"నాలుగు రోజుల్నించి అదే పని మీదుండా తల్లీ."

"మీరు తీసుకున్నది ఒక్కరే వాడే రకం సార్. మీ పేరుతో ఇంకొకరు లోపలున్నారు. ఉదయం ఆరూ పదికి ఆళ్లగడ్డ నుంచి వచ్చారు. ఇంకా బయటికి పోలేదు."

ఆదినారాయణ ఫోన్ కింద పెట్టకుండానే భార్య వైపు తిరిగాడు. ఆళ్లగడ్డ అన్న మాట పద్మమ్మకూ వినిపించింది.

"గురువారం మీ తమ్ముడు వచ్చినాడు. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. నోట్‌బుక్కులో ఏందేందో రాసుకున్నాడు. శుక్రవారం నుంచి నాకు తలుపులు మూసుకున్నాయి."

"నేర్చుకోమని పిలిచింది నువ్వే గదప్పా! మా సందీప్ ఎనిమిదికి ముందు లేచింది వాడు పుట్టినప్పట్నుంచీ నేను చూళ్లేదు. ఆరూ పదికి వాడెట్ల అయితాడు?"

"దీనికోసరమే లేచింటాడు."

హెల్ప్‌లైన్ అమ్మాయి చెప్పినట్టు పాస్‌వర్డ్ మార్చడానికి ఆయన సిద్ధమయ్యాడు. ముందు తెరను గోడవైపు తిప్పాడు. "నువ్వు అట్ల తిరుగు," అన్నాడు. పద్మమ్మ తిరిగింది. క్యాలెండర్‌లో శుక్రవారం గడి చుట్టూ ఆమే గీసిన పసుపు గుండ్రం కనిపించింది.

కొత్త పాస్‌వర్డ్‌తో తలుపు తెరుచుకుంది. ఆళ్లగడ్డ మనిషి బయటపడ్డాడు. ఆదినారాయణ డేవిడ్‌ను లేపించి, వెలుగోడు బిల్లు సగం కొట్టాడో లేదో, తెర మొత్తం తెల్లబోయింది. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టినందువల్ల ఖాతాకు రేపు ఉదయం దాకా తాళం వేశామని రాసి ఉంది.

మళ్లీ ఫోన్, మళ్లీ సన్నాయి.

"కొట్టింది మీరు కాదు సార్. ఆళ్లగడ్డ నుంచి. వరసగా ఐదుసార్లు."

"ఐదుసార్లు!" ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. "చూడు మే, వాని తెగువ! ఒక తూరి కాదు, రెండు తూర్లు కాదు. శుక్రవారం లేదు, అంగడీ లేదు. బాడుగ అడ్వాన్స్ పోతే పోనీ."

డేవిడ్ మళ్లీ లారీ ఎక్కాడు.

పద్మమ్మ మేడ మీదికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది. రెండు మాటల్లో తేలిపోతుందనుకుంది.

"ఏం చేస్తాండావురా?"

అవతల ఏదో దబ్బున మూసిన చప్పుడైంది. సందీప్ గొంతు తగ్గించాడు. "అక్కా, ఇప్పుడు చెప్పేదానికి కాదు. బావ పక్కనుండాడా? ఆయనకు తెలీనీయొద్దు." ఫోన్ పెట్టేశాడు.

పద్మమ్మ చేతిలో ఫోన్‌ను అలాగే చూస్తూ నిలబడింది. తమ్ముడు చిన్నప్పుడు పలకా బలపం పోగొట్టి, ఎవరో ఎత్తుకుపోయారని చెప్పిన సంగతి, ముప్ఫై ఏళ్లుగా గుర్తురానిది, ఇప్పుడు గుర్తొచ్చింది. ఆరూ పదికి లేవగలడా అని ఆలోచించింది. అవసరమైతే ఎవరైనా లేస్తారు. అలా ఆలోచించినందుకు తనను తాను తిట్టుకుని, చీర మార్చుకుని, ఆళ్లగడ్డకు బయల్దేరిన భర్త పక్కన కారెక్కింది.

శిరివెళ్ల దాటేదాకా ఆదినారాయణ మాట్లాడుతూనే ఉన్నాడు. రైతుల పేర్లన్నీ సందీప్ ఎత్తుకుని వేరే కంపెనీకి అమ్ముతున్నాడని మొదలుపెట్టి, ఆ కంపెనీవాళ్లే వాణ్ణి కర్నూలులో ఉద్యోగం మాన్పించి ఉంటారని తేల్చాడు. ఉద్యోగం మానమని చెప్పింది తమరేనని పద్మమ్మ అనలేదు. మామూలుగా అయితే అనేది. ఈసారి ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆళ్లగడ్డలో కొత్త అంగడి షట్టర్ సగం దించి ఉంది. కారు చప్పుడుకు సందీప్ వంగి బయటికొచ్చి, వీళ్లను చూసి, గబుక్కున షట్టర్ పూర్తిగా కిందికి లాగాడు.

"లోపలికి వద్దు బావా! శుక్రవారం చూద్దువుగానీ."

"ఇప్పుడే చూస్తా. లెయ్ పక్కకు."

పద్మమ్మ కళ్లు మూసుకుంది. షట్టర్ గడగడమని లేచింది. ఆమె కళ్లు తెరిచేసరికి ఆదినారాయణ ఎదుట ఇంకో ఆదినారాయణ నిలబడి ఉన్నాడు. ఎనిమిదడుగుల బోర్డు మీద, పెళ్లినాటి ఫోటోలో, ఒత్తుగా నల్లటి జుట్టుతో, చేతిలో ఎవరో అతికించిన మోటారుతో. కింద 'మా నమ్మకం మా బావగారు' అని పెద్ద అక్షరాలు.

"నిన్ననే తెచ్చినా," అన్నాడు సందీప్ దిగులుగా. "శుక్రవారం దాకా దాయాలనుకుంటి."

ఆదినారాయణ బోర్డు మీంచి చూపు మళ్లించుకున్నాడు. "అదట్లుండనీ. కంప్యూటర్ యాడ?"

"యాడిది బావా? నువ్వు కొనిస్తానంటివి. ఇంకా కొనలేదు గదా."

"ఫోనియ్యి."

సందీప్ తీసిచ్చిన ఫోన్‌లో అలాంటి సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. సరిగ్గా అప్పుడే ఆదినారాయణ ఫోన్ మోగింది. రామమ్మ. కూతురి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల.

"ఏమి నాయనా," అంది గట్టిగా. "నీ అంగడి నన్ను బయటికి నూకింది! ఐదు తూర్లు నొక్కినా. రేపు రమ్మంటాంది! ఏం చేసి పెట్టినావు?"

ఆదినారాయణ ఫోన్‌ను చెవి నుంచి తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

అరగంట తర్వాత అందరూ ఆడబిడ్డ ఇంట్లో సంగటి ముందు కూర్చున్నారు. రామమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, కుంకుమ బొట్టు పెట్టిన ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని ఉంది. లెక్కలు కాగితం మీద ఉన్న రోజుల్లో, తెల్లారగానే ఆమె చెయ్యి తగలనిదే ఖాతా పుస్తకం తెరిచేవారు కాదు. కంప్యూటర్ వచ్చాక కూడా ఒక్కో అక్షరం వెతికి ఆమే నొక్కి తెరిచేది.

"ఊరికొచ్చినానని బోణీ మానుకుంటానా? మనవరాలు అమృత ఈ ఫోన్లో పెట్టిచ్చింది. పొద్దన్నే తెరుస్తా, దీపాలు పెట్టినాక మూస్తా."

"ఒక నిమిషముండి మూసెయ్యొచ్చు గదమ్మా!"

"తెరిచిన అంగడిని బేరం కాకముందే మూస్తారా ఎవరన్నా?"

"నాకొక మాట చెప్పకుండా లోపలికెట్ల పోతివి? ఫోన్లో తెరవాలంటే నా నంబర్‌కు ఓటీపీ రావల్ల గదా!"

"వచ్చినాదిగా. శుక్రవారం పొద్దున నేను అడిగితి, నువ్వు చదివితివి. రెండు తూర్లు, నిదానంగా."

సంగటి ముద్ద ఆదినారాయణ చేతిలోనే ఆగింది. "గ్యాస్ బండకేమో అనుకుంటి," అన్నాడు చివరికి.

సందీప్ తల ఎత్తకుండా అన్నాడు: "బావా, ఈ అంగడి నాకొద్దులే. రోజూ ఫోను చూపించుకుంట నేను బతకలేను. కర్నూలు పోయి మళ్లీ ఉద్యోగమడుగుతా."

పద్మమ్మ వడ్డించడం ఆపి చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"యాడికీ పోవద్దు. కార్లో ఈయన నోటితో అన్నాడు, నేను మనసులో అనుకున్నా. నా తప్పే పెద్దది." కొంగుకు చెయ్యి తుడుచుకుంది. "అందురూ వినండి. శుక్రవారం అంగడి తెరుస్తాం. ఒక్కరే వాడేది తీసేసి నలుగురు వాడేది తెప్పిస్తాం. అత్తకొకటి, సందీప్‌కొకటి, నాకొకటి. రెండు అంగళ్ల లెక్కలూ నేను చూస్తా. ఎవరు ఎప్పుడు లోపలికి పోయినా అడిగే పని లేదు."

"బాగుంది," అంది రామమ్మ. "బోణీ మాత్రం నాదే."

"మరి నాకు?" అన్నాడు ఆదినారాయణ.

"నీది నీకుండాది. రేపు పొద్దున తాళం తీస్తారంట," అని పద్మమ్మ ఆయన సంగటి మీద నెయ్యి వేసింది.

ఓటీపీలు మాత్రం ఎప్పటిలాగే ఆదినారాయణ ఫోన్‌కే రావాలని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎందుకని అడక్కుండా, రెండుసార్లు నిదానంగా చదివి చెప్పే మనిషి ఆ కుటుంబంలో మరొకరు లేరు.