ఎల్లవ్వ సుద్దముక్క

ఆ ఆదివారం ఎల్లవ్వ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సూరత్ పక్కనున్న కడోదరాలో బస్సెక్కి హజీరా పోవాలి. అక్కడి కంపెనీ కాలనీ క్లబ్బు హాల్లో కట్టిన పర్దాను చూడాలి. అందులో తప్పు ఉందో లేదో తేల్చి, రెండున్నరకల్లా ఇంటికొచ్చి పచ్చిపులుసుతో అన్నం తిని పడుకోవాలి.

ఎల్లవ్వ ఒక బట్టల మిల్లులో గుడ్డ చెకింగ్ చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే ట్యూబులైటు. గుడ్డ బల్ల మీదుగా జారిపోతూ ఉంటే ఆమె చూస్తూ ఉంటుంది. పోగు తప్పిన చోట సుద్దముక్కతో గీత పెట్టి, కాగితం మీద మార్కు వేస్తుంది. చిన్న తప్పుకు ఒకటి, పెద్ద తప్పుకు నాలుగు. మార్కులు ఎక్కువైతే ఆ తాను వెనక్కి పోతుంది. తప్పే లేని గుడ్డకు సున్నా. అదే మిల్లులో మగ్గం నడిపే ఆమె భర్త లక్ష్మీరాజం, తన తానుకు సున్నా వచ్చిన రోజు వాడకట్టంతా తిరిగి చెప్పుకుంటాడు. అలాంటి రోజులు ఇప్పటికి మూడు.

మిల్లు సేఠ్ ముందురోజు ఆమెను పిలిచి, పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులో విషయం తేల్చేశాడు.

"ఎల్లవ్వాబెన్, దివాళీకి కెమెరా మెషీన్ వస్తది. గుడ్డ చూస్తది, మార్కులేస్తది, చాయ్ అడగది. హజీరావాళ్ళు పర్దా ఖరాబ్ ఉందని ఫోటో పంపిన్రు. అది నీ చేతి మీద పాస్ అయింది. నిజంగ ఖరాబ్ ఉంటే నీ కుర్సీ మెషీన్‌కే. నేను రేపు ఒంటిగంటకు అక్కడికే వస్తున్న. అక్కడ డాన్స్ పోటీ ఉంది, ఇనాములు నేనే ఇయ్యాలె. అప్పుడు జవాబు చెప్పు."

బస్సు దాకా సాగనంపుతూ లక్ష్మీరాజం ధైర్యం చెప్పాడు. "నీ కండ్లు ఎట్ల మోసం జేస్తయే? నా గుడ్డల లేని తప్పులు గుడ తీసినయి గదా!"

హాల్లోకి అడుగుపెట్టిన మరుక్షణమే ఎల్లవ్వకు సంగతి తెలిసిపోయింది. గుడ్డలో తప్పు లేదు. కట్టినవాళ్ళు దాన్ని తిరగేసి కట్టారు. పూలు గోడవైపు, వెనకటి పోగులు జనంవైపు ఉన్నాయి. గుండె తేలికపడింది. ఇక చెప్పాల్సినవాడికి చెప్పి వెళ్ళిపోవడమే.

చెప్పాల్సినవాడు ఆదర్శ్. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి కంపెనీలో ఇంజనీరుగా చేస్తున్నాడు. సూరత్‌లో టాంగో నాట్యం పోటీ పెట్టాలన్నది అతని రెండేళ్ళ కల. జంటలు దగ్గరగా పట్టుకొని, హాలు చుట్టూ ఒకే వరసలో తిరుగుతూ, పాటను బట్టి అప్పటికప్పుడు అడుగులు వేసే నాట్యం అది. కాళ్ళు గాల్లోకి విసిరే విన్యాసాలకు అందులో చోటు లేదు. నడక ఎలా ఉంది, జత ఎలా కుదిరింది, పక్కవాళ్ళకు అడ్డం పోకుండా తిరిగారా అన్నవే చూస్తారు. చూడాల్సిన జడ్జి పుణె నుంచి రావాలి. ఆమె ఎక్కిన రైలు దారిలో వాపి దగ్గర నిలిచిపోయింది.

"సారు, పర్దా..."

"ఒక్క నిమిషం అమ్మా!" ఆదర్శ్ ఫోనులో బతిమాలుతున్నాడు. "మేడమ్, ఒంటిగంటన్నరకు హాలు ఖాళీ చేయాలండీ. ఇక్కడ బారసాల ఉంది. అప్పటిదాకా ఆపలేను... సరే మేడమ్, మీరు వచ్చేదాకా ఇంకెవరినైనా కూర్చోబెడతాను."

ఫోను పెట్టేసి హాలంతా కలయచూశాడు. ఉన్నవాళ్ళలో సగంమంది పోటీదారులు. మిగతా సగంలో చాలామంది వాళ్ళ చుట్టాలు. చుట్టాలు కానివాళ్ళంతా పోటీలో ఉన్న జనరల్ మేనేజర్ త్రివిక్రమరావుగారి కింద పనిచేసేవాళ్ళు. ఆదర్శ్ కూడా వాళ్ళలో ఒకడు. అతని చూపు వచ్చి ఎల్లవ్వ మీద ఆగింది.

"అమ్మా, ఇక్కడ మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నాకెవరుంటరు సారు? నేను గా పర్దా..."

"త్రివిక్రమరావుగారు తెలుసా?"

"ఎవలాయన?"

ఆదర్శ్ ఆమెకు దండం పెట్టినంత పని చేశాడు. "మీరు మిల్లులో ఏం చేస్తారమ్మా?"

"చూస్త. మార్కులేస్త. ఇరవై రెండేండ్ల సంది గదే పని."

"ఇక్కడా అంతే! వీపుల మీద నంబర్లున్నాయి. చూడండి, వేయండి."

"మా పద్ధతిల ఎయ్యాల్నా?"

"ఏ పద్ధతైనా సరే, మీరు కూర్చుంటే చాలు!" అంటూ ఆమె చేతిలో కాగితం పెట్టి మైకు దగ్గరకు పరుగెత్తాడు. "మార్కులు వేయడంలో ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న ఎల్లవ్వగారు ఈరోజు మన న్యాయనిర్ణేత!" అని ప్రకటించాడు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. హాలంతా లేచి నిలబడింది.

పాట మొదలైంది. తొమ్మిది జంటలు వరసలోకి వచ్చాయి. పరాయివాళ్ళు అంత దగ్గరగా పట్టుకొని ఉంటే చూడలేక ఎల్లవ్వ సిగ్గుతో తల దించుకుంది. తల దించాక అడుగులు కనిపించాయి. ఒక్కో జంట ఆమె కుర్చీ ముందునుంచి జారిపోతూ ఉంటే, బల్ల మీద గుడ్డ సాగుతున్నట్టే ఉంది. ఒకరు పడుగు, ఒకరు పేక. నేత గట్టిగా ఉన్న జంట తెలుస్తోంది, వదులైన జంటా తెలుస్తోంది. ఎల్లవ్వ సిగ్గు మరిచిపోయింది. చెయ్యి దానంతట అదే కొంగుమూటలోని సుద్దముక్కను వెతుక్కుంది.

మొదటి తప్పు త్రివిక్రమరావుగారిదే. వీడియోలు చూసి నేర్చుకున్న తన్ను ఒకటి గాల్లోకి విసిరాడు. అది వెనక జంటకు తగలబోయింది. ఆయన దగ్గరకు రాగానే ఎల్లవ్వ ఆయన నల్లకోటు భుజం మీద సుద్దతో ఒక గీత గీసి, కాగితం మీద నాలుగు వేసింది.

హాల్లో గుసగుసలు బయలుదేరాయి. "నాలుగు! మొదటి చుట్టులోనే నాలుగు!"

"చూశావా?" త్రివిక్రమరావు భార్య చెవిలో అన్నాడు. "ఆవిడకు కళ తెలుసు."

"ఆ గీత మీకే పడిందండీ. నాకేదీ?" అంది వెంకటసుబ్బమ్మ. "ఈసారి నన్ను అటువైపు తిప్పండి."

ఆ గీత గొప్ప గౌరవమని అందరికీ అర్థమైపోయింది. రెండో పాట నుంచి జంటలన్నీ నడక మాని ఎల్లవ్వ కుర్చీ దగ్గర మూగాయి. ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. అయిదో నంబరు మూడో నంబరును మోచేత్తో నెట్టింది. ఎల్లవ్వ చేతికి ఊపిరి తిప్పుకునే సందు లేదు. ఇన్ని తప్పులు వరదలో తడిసిన తానులో కూడా ఆమె చూడలేదు. త్రివిక్రమరావు మాటిమాటికీ భుజం వంచి నిలబడుతున్నాడు.

"అమ్మా, ఈ పక్క ఖాళీగా ఉంది."

"ఎందుకు సారు తొందర? ఆడ గుడ పడ్తయి" అంది ఎల్లవ్వ.

ఒక్క జంట మాత్రం దూరంగా, గోడవారన, చిన్నచిన్న అడుగులతో తిరుగుతోంది. క్రేన్ నడిపే రవీంద్ర, అతని భార్య సంధ్యారాణి. ఏడో నంబరు. డ్యూటీ దిగి కంపెనీ బస్సులో నేరుగా వచ్చారు. వాళ్ళ బట్టల మీద ఒక్క గీతా లేదు.

"ఏడాది సంది నేర్చుకున్నం. మన దిక్కు చూస్తనే లేదు" అంది సంధ్యారాణి.

"చూడకుంటే మానె. పాట ఇంక అయిపోలే గదా, నడువు" అన్నాడు రవీంద్ర.

ఒంటిగంటకు సేఠ్ శాలువాలతో వచ్చాడు. ఆదర్శ్ ఎల్లవ్వ కాగితం అందుకొని చదివాడు. "మొదటి బహుమతి, ముప్పై ఒక్క మార్కులతో, మా త్రివిక్రమరావుగారు, వెంకటసుబ్బమ్మగారు!" చప్పట్లతో హాలు అదిరిపోయింది. తప్పులకు చప్పట్లేమిటో ఎల్లవ్వకు అర్థం కాలేదు. పాపం బాధపడకుండా శాలువా కప్పుతున్నారు కాబోలు, పెద్దమనసు వీళ్ళది అనుకుంది. ఆదర్శ్ చివరిదాకా చదివి గొంతు తగ్గించాడు. "ఏడో నంబరు... సున్నా."

సంధ్యారాణి ముఖం కొంగులో దాచుకుంది.

పదిమందిలో నోరు విప్పని ఎల్లవ్వ అప్పుడు లేచింది. గబగబా వెళ్ళి మైకు లాక్కుంది. "గా పిల్ల ఎందుకేడుస్తుంది? సున్నా తెచ్చుకున్నోళ్ళు ఏడుసుడేంది? నా పెనిమిటికి ఇరవై రెండేండ్లల్ల మూడుసార్లు ఒచ్చింది సున్నా!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఒక్క సేఠ్‌కు తప్ప. ఆయన త్రివిక్రమరావు కోటు మీది గీతలు చూశాడు, కాగితం చూశాడు, కడుపు పట్టుకొని నవ్వసాగాడు. "అరే భాయ్, మా మిల్లుల మార్కులు తప్పులకు ఏస్తం! ఇన్ని గీతలుంటే ఆ తానును మేం నేల తుడిచే గుడ్డకు ఇస్తం!"

ఆదర్శ్ మైకు వెనక్కి లాక్కున్నాడు. "అయ్యో! ఈ ఫలితం చెల్లదు. ఈవిడకు టాంగో అంటే ఏమిటో కూడా తెలియదు" అన్నాడు.

"చెల్లుతుంది" అన్నారెవరో తలుపు దగ్గర. పెట్టె చేతిలో పట్టుకొని పుణె జడ్జి నిలబడి ఉంది. ఆవిడా తెలుగామే, హైదరాబాదులో పెరిగింది. "చివరి మూడు పాటలూ ఇక్కడే నిలబడి చూశాను. నా వరస నేను రాసుకున్నాను." చీటీ తీసి చదివింది. ఏడో నంబరు మొదటిది. నాలుగో నంబరు, అంటే త్రివిక్రమరావు జంట, తొమ్మిదోది. ఎల్లవ్వ మార్కుల వరసను కింది నుంచి పైకి చదివితే సరిగ్గా అదే వరస. ఒక్క జంట కూడా అటూ ఇటూ కాలేదు.

"ఈమె ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగింది జడ్జి.

శాలువా రవీంద్ర, సంధ్యారాణిల భుజాల మీదికి మారింది. ఈసారి చప్పట్లు ముందరికన్నా గట్టిగా మోగాయి. సంధ్యారాణి శాలువాతోనే పరుగెత్తుకొచ్చి ఎల్లవ్వను వాటేసుకుంది.

త్రివిక్రమరావు కోటు విప్పి, ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు. "అయితే ఈ ముప్పై ఒక్క మార్కులూ తప్పులకేనా?"

"ముప్పై రెండు సారు. ఒకటానికి సుద్ద అంటలే, ఇడిసిపెట్టిన."

జనరల్ మేనేజర్ కోటును బల్ల మీద పరిచాడు. "అమ్మా, ఏ గీత ఏ తప్పుదో కాస్త చెప్పండి. వచ్చే ఏడు మళ్ళీ రావాలి కదా" అన్నాడు. వెంకటసుబ్బమ్మ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. రాసుకుంటూనే, "ఇది మీది, ఇది కూడా మీదే" అని భర్తకు పంచిపెట్టింది.

సేఠ్ కళ్ళు తుడుచుకొని అడిగాడు. "మరి పర్దా సంగతి, ఎల్లవ్వాబెన్?"

"పర్దాకు సున్నా. పొద్దుగాల్ల సంది చెప్తున్న, ఇనేటోడు లేడు. ఉల్టా కట్టిండ్రు."

ఆదర్శ్ నిచ్చెన ఎక్కి పర్దాను తిప్పి కట్టాడు. బారసాలకు వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, ఎంత బాగుందో అన్నారు.

దీపావళికి కెమెరా మెషీన్ రానే వచ్చింది. సేఠ్ దాన్ని ఎల్లవ్వ కుర్చీ పక్కన పెట్టించాడు. అది చూసిన ప్రతి తానునూ ఎల్లవ్వ మళ్ళీ చూసి, మెషీన్‌కు మార్కులు వేయాలన్నాడు.

మొదటి రోజే దానికి పద్నాలుగు మార్కులు వచ్చాయి.