నా నంబరు, రాకెట్ కాళ్ళు

మీరు నవ్వకపోతేనే చెబుతాను. అదిగో, అప్పుడే మొదలెట్టారు. సరే, ఎలాగూ నవ్వుతారు గనక కుర్చీలు దగ్గరికి లాక్కోండి.

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణని మీకు తెలుసు. మా ముందుగదిలో కిటికీ వైపు మా ఆవిడ కుట్టుమిషను, గోడ వైపు నా బల్ల. ఊళ్ళో అందరి టైమూ సరిచేసే నేను, నా టైము విషయంలో మాత్రం ఏడాదిగా అబద్ధమాడుతూ వచ్చాను.

మా రాకెట్ ఉన్నాడు కదా, కుళాయిలు బిగించేవాడు, నాతోపాటు బడిలో చదువుకున్నవాడు. వాడూ, డ్రైవింగు నేర్పే మాస్టారూ, నేనూ కలిసి నెలకో ఊరు వెళ్ళి పది కిలోమీటర్ల పరుగు పందెంలో పాల్గొంటాం. శనివారం మాస్టారి వ్యానులో బయల్దేరడం, ఆదివారం పొద్దున్నే పరిగెత్తడం, మెడలో పతకంతో ఇంటికి రావడం. పరుగు పూర్తిచేసిన ప్రతివాడికీ పతకం ఇస్తారు. మొదట వచ్చినా ఇస్తారు, చివర వచ్చినా ఇస్తారు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గాని నాలాంటివాడే అయ్యుంటాడు.

రాకెట్‌కి యాభై నిమిషాల పైచిలుకు పడుతుంది. మాస్టారికి గంటా పావు. ఆయన పరుగులో కూడా మలుపు వస్తే చెయ్యి చూపించి గాని తిరగడు. నాకా? రెండు గంటలకి పది నిమిషాలు తక్కువ. నా వెనక అంబులెన్సు తప్ప ఏమీ ఉండదు.

మొదటి పతకం తెచ్చిన రోజు మా ఆవిడ, "ఎంతసేపు పట్టిందండీ?" అంది. నోరు జారి "యాభై అయిదు నిమిషాలు" అన్నాను. ఆమె కళ్ళు ఇంతింత చేసుకుని నన్ను చూసింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అలాంటి చూపు నాకు దక్కలేదు. ఇక ఆ అబద్ధాన్ని వదలబుద్ధి కాలేదు. పతకాలన్నీ మిషను పైన వరసగా తగిలించింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "ఇవన్నీ మా ఆయనవి" అని మొదలుపెట్టేది. మిషను చప్పుడులో తక్కినది నాకు వినపడేది కాదు. వినకపోయినా నా ఛాతీ రెండంగుళాలు పొంగేది.

పన్నెండో పతకం తగిలించిన మర్నాడు బాంబు వేసింది.

"ఈసారి నేనూ వస్తానండీ."

"నువ్వెందుకూ? ఎండ."

"ఎండ మీకు లేదా?"

"నేను పరిగెత్తుతుంటాను కదా, గాలి తగులుతుంది."

"నేను విసనకర్ర తెచ్చుకుంటాలెండి. మీరు గీత దాటుతుంటే ఒక్కసారి కళ్ళారా చూడాలి." ఆ మాట మీద వాదన అయిపోయింది. మా ఇంట్లో వాదనలన్నీ ఆమె మాట మీదే అయిపోతాయి.

నాకు నిద్ర పట్టలేదు. ఆ చూపు పోతుందన్నదే బెంగ. పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి నా దగ్గర ఇంకో విద్య లేదు.

శనివారం వ్యానులో ఆమె ముందు సీట్లో మాస్టారి పక్కన కూర్చుంది. వెనక సీట్లో నేను రాకెట్ చెవిలో నా పథకం ఊదాను. మనకి నంబరు కాగితాలు ఇస్తారు. దాని వెనక చిన్న చిప్పు ఉంటుంది. గీత దాటగానే ఆ నంబరు పేరు మీద టైము దానంతటదే పడిపోతుంది. నా నంబరు నువ్వు తగిలించుకో, నీది నేను తగిలించుకుంటాను.

"మరి నా పేరు మీద రెండు గంటలు పడుతుంది కదరా?"

"ఒక్కసారికేగా!"

"వదిన గీత దగ్గర నిలబడితే?"

"గీత దగ్గరికి చూసేవాళ్ళని రానివ్వరని చెప్పాను. టైములు పడే తెర ముందు కుర్చీలో కూర్చోబెడతా. నా టైము చూసి మురిసిపోతుంది. ఆ తర్వాత గంటసేపు ఒళ్ళు చల్లబడ్డానికి నడుస్తామని కూడా చెప్పేశా."

రాకెట్ నాకేసి జాలిగా చూశాడు. "గడియారాల్లో చూసీ చూసీ నీ బుర్రలో కూడా చక్రాలు మొలిచాయిరా" అన్నాడు. కాని ఒప్పుకున్నాడు. స్నేహితుడంటే వాడు.

సాయంత్రం లాడ్జి గదిలో మా నంబరు కాగితాలు మంచం మీద పెట్టుకుని పిన్నులు తీశాం. మా ఆవిడ చూసింది.

"ఏమిటవి?"

"పిన్నులు. చొక్కాకి నంబరు తగిలించాలి."

"నేను బతికుండగా నా మొగుడు చొక్కాకి పిన్నులు గుచ్చుకుని నలుగురిలోకి వెళ్తాడా? ఇలా ఇవ్వండి. మీవీ ఇవ్వండి, మాస్టారూ. మరిదిగారూ, మీదీ."

సంచిలోంచి సూదీ దారం తీసింది. అద్దాలు పెట్టుకుని, మూడు బనియన్లకీ మూడు నంబర్లూ నాలుగువైపులా రెండేసి వరసలు కుట్టేసింది. ఎంత బాగా కుట్టిందంటే, నా పథకం మునిగిపోతున్నా మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. అరగంటలో మూడూ అయిపోయాయి. స్నానాల గదిలోకి వెళ్ళి ఓ మూల పంటితో కొరికి చూశాను. పన్ను కదిలింది గాని కుట్టు కదల్లేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. తెల్లవారి పందెం మొదలయ్యే చోట, మరుగుదొడ్ల వెనక, ఇద్దరం బనియన్లు మార్చుకున్నాం.

రాకెట్ ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ ఉండవు. నా బనియన్లో వాడికి ఇంకో మనిషిని కూడా దాచుకునేంత చోటుంది. వాడి బనియను నాకు రొమ్ము దాకా దిగి, ఇక రానని ఆగిపోయింది. బొడ్డు బయటే ఉంది. మాస్టారు నన్ను చూసి, "ముందు అద్దంలో చూసుకుని బయల్దేరండి" అన్నాడు.

తుపాకీ పేలింది. రాకెట్ నా బనియన్ని గాలిపటంలా ఎగరేసుకుంటూ మాయమైపోయాడు.

నేను మూడో కిలోమీటరు దాటేసరికి నీళ్ళిచ్చేవాళ్ళు బల్లలు మడుస్తున్నారు. ఐదు దగ్గర ట్రాఫిక్ వదిలేశారు, ఓ స్కూటరాయన హారన్ కొట్టి తిట్టాడు. ఆరు దగ్గర మైదానం గోడ పక్కనుంచి వెళ్తుంటే మైకు వినపడింది.

"నలభై అయిదు దాటినవారిలో మూడో బహుమతి..." అని నా పేరు చదివారు!

కాళ్ళు ఆగిపోయాయి. రాకెట్ నా నంబరు మోసుకెళ్తే చాలనుకున్నాను గాని, మరీ అంత బాగా మోస్తాడనుకోలేదు. ఇప్పుడు వేదిక మీదికి ఎవరెక్కుతారు? నేనింకా నాలుగు కిలోమీటర్ల అవతల బొడ్డు కనపడేలా నిలబడి ఉన్నాను. మైకు మళ్ళీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది. తర్వాత ఊరుకుంది. అప్పుడే ఎక్కువ భయం వేసింది.

వెనక అంబులెన్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కెయ్యండి సార్, దింపేస్తాను" అన్నాడు.

ఎక్కొచ్చు. ఎక్కి వెనక గేటు దగ్గర దిగి ఏదో ఒకటి చెప్పొచ్చు. కాని ఏమో, పన్నెండుసార్లలో ఒక్కసారీ ఎక్కలేదు. చెయ్యి ఊపి మళ్ళీ మొదలెట్టాను.

అక్కడ జరిగింది తర్వాత రాకెట్టే చెప్పాడు. తెర మీద నా టైము యాభై రెండని పడగానే మా ఆవిడ కుర్చీలోంచి లేచిందట. రానివ్వరన్న గీత దగ్గరికి తిన్నగా వెళ్ళిపోయిందట, ఎవరూ ఆపలేదట. నా బనియన్లో నీళ్ళు తాగుతున్న వాణ్ణి చూసి, "మరిదిగారూ, ఆ కుట్టు నాది. లోపలున్న మనిషి మాత్రం నావాడు కాదే" అందట. వాడు అర నిమిషంలో మొత్తం కక్కేశాడట.

మైకులో పేరు పిలిచినప్పుడు ఆమే బల్ల దగ్గరికి వెళ్ళి, "ఈ టైము మా ఆయనది కాదు. కొట్టెయ్యండి. ఆయనింకా దారిలో ఉన్నారు" అని చెప్పిందట. వాళ్ళు రెండు నంబర్లూ కొట్టేశారు. రాకెట్‌కి జన్మలో మొదటిసారి బహుమతి వచ్చే రోజు, నా బనియను తొడుక్కున్న పాపానికి అదీ పోయింది. ఇప్పటికీ వాడి మొహం చూస్తే నాకు సిగ్గేస్తుంది.

నేను మైదానంలోకి వచ్చేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. గాలితో నిలబెట్టే గేటు మాత్రం ఇంకా నిలబడే ఉంది. దాని మోటారు స్విచ్చి దగ్గర మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ముగ్గురు పనివాళ్ళు బతిమాలుతున్నారు.

"అమ్మా, గాలి తీసెయ్యాలి."

"మా ఆయన వచ్చాక తియ్యండి."

"ఎప్పుడొస్తారమ్మా?"

"వస్తారు. రాకుండా ఉండరు."

నన్ను చూడగానే సంచిలోంచి కొలతల టేపు తీసింది. ఓ కొస రాకెట్‌కిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని, గీతకి అడ్డంగా నిలబడ్డారు. దాన్ని నా పొట్టతోనే తోసుకుని లోపలికి వచ్చాను. పనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. అంబులెన్సు డ్రైవరు హారన్ కొట్టాడు.

గడ్డి మీద కూలబడి, "నీకంతా తెలిసిపోయిందా?" అన్నాను.

"ఇవాళ తెలియడమేమిటి? మొదటి నెలే మాస్టారి భార్య ఫోను చేసింది. మీకోసం ఎదురుచూసి టిఫిను లేక వీళ్ళిద్దరూ నీరసపడిపోతున్నారట."

"మరి యాభై అయిదు నిమిషాలని అందరికీ ఎందుకు చెప్పావే?"

"నేనెప్పుడు చెప్పాను? ఇవన్నీ మా ఆయనవి, ఒక్కసారి కూడా మధ్యలో వదిలిపెట్టి రాలేదు అని చెప్పాను. అందరూ ఇంటికెళ్ళిపోయాక కూడా ఎండలో పరిగెత్తేవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి. మరిదిగారికి చేతనవుతుందా? ఆయన యాభై నిమిషాలకే అయిపోతారు."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెమట అని చెప్పాను. ఆమె నమ్మినట్టే ఊరుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషి పక్కనే కూర్చుని గడియారాల్లోకి మాత్రమే చూశానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

"వచ్చేసారి నేనూ పేరిస్తాను. మీ వెనక ఎవరూ ఉండరటగా, నేనుంటాను" అంది.

ఉంటుందనే నమ్మాను. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి బయల్దేరాం. చీర కొంగు బిగించి, బూట్లు వేసుకుని, నా వెనకే పది అడుగుల దూరంలో వచ్చింది. మొదటి మలుపు దాకా బుద్ధిగానే ఉంది. మలుపు తిరిగాక, "ఏమండీ, ఇలా మెల్లిగా వస్తుంటే కాళ్ళు లాగుతున్నాయి. కాస్త ముందుకెళ్ళనా?" అంది. ఊఁ అన్నాను. ఊఁ అన్నది ఆమె విన్నదో లేదో, అప్పటికే నలుగురిని దాటేసింది. నేను రోడ్డు మధ్య ఆగిపోయి చూస్తుండిపోయాను. ఎంత బాగా పరిగెత్తుతుందనుకున్నారు! వెనకనుంచి ఆ ఊరి అంబులెన్సు డ్రైవరు, "ఎవరు సార్ ఆవిడ?" అని అడిగాడు. "మా ఆవిడండీ" అన్నాను, గొంతు చించుకుని, ఆమెకి కూడా వినపడేలా.