తప్పు జరగని వార్డు

ఇలోయిలో నగరంలోని ఆ నర్సింగ్ కళాశాల చరిత్రలో ఒక్క తప్పూ జరగలేదు. ఈ ఘనతంతా ప్రిన్సిపాల్ మిసెస్ పగ్దిలావ్ గారిదే. ఆవిడ బోధనా పద్ధతి బహు సరళం. ఎవరైనా సందేహం అడిగితే, "ఇది కూడా తెలియదా?" అని అందరి ముందూ నిలబెట్టేవారు. నెల తిరిగేసరికి తరగతిలో సందేహాలు సమూలంగా నిర్మూలమయ్యేవి. సూది పట్టుకున్న చెయ్యి వణికితే తల్లిదండ్రులకు కబురు వెళ్ళేది. చెయ్యి వణకకుండా ఉండేందుకు విద్యార్థినులు ఒక శాస్త్రీయ మార్గం కనిపెట్టారు: సూది పట్టుకోకపోవడం. అలా పట్టుకోనివాళ్ళకే మంచి మార్కులు వచ్చేవి.

మెల్చోరా సుమగాయ్‌సాయ్ మూడో సంవత్సరం పిల్ల. తల్లి బజారులో చేపలమ్మి చదివిస్తోంది. ఆ పొద్దున మగవాళ్ళ వార్డులో మాత్రలిచ్చే వంతు ఆమెకు పడింది. గుమ్మం పక్క మంచం బసిలియో తాతది. రక్తపోటు మాత్ర ఆయనకే. కిటికీ పక్క మంచం కాలి మీద గడ్డతో చేరిన ఫెర్మిన్ తాతది. బసిలియో ఉక్క భరించలేకపోతుంటే, ముందురోజే ఫెర్మిన్ జాలిపడి తన ఫ్యాన్ కింద చోటు ఆయనకిచ్చి మంచం మారాడు. ఈ సంగతి నర్సులెవరూ గమనించలేదు. వాళ్ళు తప్పులు చేయకుండా ఉండే పనిలో తలమునకలై ఉన్నారు.

గుమ్మం పక్క మంచానికి బసిలియో పేరు చీటీయే ఉన్నా, పడుకున్నది ఆయనేనా అని మెల్చోరాకు అనుమానం వచ్చింది. పేరు అడుగుదామని నోరు తెరిచింది. వెనకాలే ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు. రోగి పేరు కూడా తెలియదా అంటే? నోరు మూసుకుని మాత్ర ఇచ్చేసింది. ఫెర్మిన్ తాత మారుమాట లేకుండా మింగాడు. నర్సమ్మను ప్రశ్నించడానికి ఆయనకూ భయమే.

"ఏమ్మా, నా బీపీ మాత్ర ఏదీ?" అని కిటికీ దగ్గర్నుంచి బసిలియో కేకేశాడు.

మెల్చోరా వెనక్కి తిరిగింది. "మేడమ్, తప్పు చేశాను" అంది.

ఒక నర్సు గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"ఆ మాట ఇక్కడ వాడకూడదు. మాత్ర సరైనదే కదా?"

"సరైనదే మేడమ్. మనిషే..."

"అయితే మనిషిని సరిచేద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు, మంచాలకున్న పేరు చీటీల ప్రకారమే ఎవరు ఎవరో రిజిస్టరులో రాయిస్తూ.

అంతటితో ఫెర్మిన్ చట్టరీత్యా బసిలియో అయ్యాడు. ఇంతలో అల్లం వేసిన కోడి గంజితో ఫెర్మిన్ భార్య వచ్చింది. ఆమె భర్త కిటికీ దగ్గరున్నాడని ఆమెకు సవినయంగా తెలియజేశారు.

"చాల్లేమ్మా, ఇన్నేళ్ళు కాపురం చేశాను. మా ఆయనెవరో నాకు తెలీదా?"

బసిలియో మాత్రం అభ్యంతరం చెప్పకుండా గంజి గిన్నె అందుకున్నాడు.

"నర్సమ్మా, తిరుగుతోంది..." అన్నాడు ఫెర్మిన్ నీరసంగా.

"తిరుగుతున్నది ఫ్యాను" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇక్కడ ఫ్యాన్ లేదు మేడమ్!" అంది మెల్చోరా. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకుతోనే తాతను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, బీపీ చూసింది. బాగా పడిపోయింది. నడవాలోకి పరిగెత్తి అరిచింది: "డాక్టర్ గారూ! ఒకరి మాత్ర ఇంకొకరికి ఇచ్చాను!"

ఏ మాత్ర, ఎప్పుడు అని డాక్టర్ అడిగాడు. రెండింటికీ జవాబు ఆమె దగ్గరుంది. సెలైన్ ఎక్కించారు. మధ్యాహ్నానికల్లా ఫెర్మిన్ తాత లేచి కూర్చుని, తన గంజి ఎవరు తాగారని విచారణ మొదలుపెట్టాడు.

"చెప్పావు కాబట్టి బతికిపోయాడు. లేకపోతే కారణం వెతుక్కుంటూ కూర్చునేవాళ్ళం" అన్నాడు డాక్టర్.

కళాశాల కూడా విచారణ జరిపించింది. "వందల మంది విద్యార్థినులు మౌనంగా కాపాడిన ప్రతిష్ఠను ఒకే ఒక్క నోరు మంటగలిపింది!" అని ప్రిన్సిపాల్ గారు ప్రసంగిస్తూ కళ్ళు తుడుచుకున్నారు. నడవాలో అరిచిన నేరానికి మెల్చోరా ఆ సంవత్సరం మళ్ళీ చదవాలని తీర్మానమైంది. మాత్ర సంగతి తీర్మానంలో లేదు. అది జరగలేదు గదా.

ఫెర్మిన్ భార్య మెల్చోరాను కావలించుకుని ఏడ్చింది. "నా తల్లే! నువ్వు నోరు విప్పకపోతే నా మనిషి దక్కేవాడు కాదు" అంది. కళ్ళు తుడుచుకుని, అటునుంచటే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది.

"బంగారంలాంటి పిల్లండీ. కాకపోతే మా ఆయనకు వేరే నర్సును వెయ్యండి. ఈ పిల్ల తప్పులు చేస్తుంది."

ఆమె కోరిక సబబే. తక్కిన నర్సులు తప్పు చేసినట్టు ఆమె ఎన్నడూ వినలేదు. మీరు విన్నారా?