కొండవైపు వీపు పెట్టండి!

కొండల మీది నేషనల్ పార్కులో సందర్శకుడి సంతృప్తికి కావలసింది కొండ కాదు, ఫోను! అనుభవం మీద చెబుతున్నాను, నవ్వకండి.

పాపం, పూర్వకాలం వాళ్ళు కొండను కళ్ళతో చూసేవారట. ఎంత కష్టం! మెడ నొప్పి, కళ్ళ మంట, పైగా చూసినట్టు సాక్ష్యం ఉండదు. ఇప్పుడా బాధ లేదు. కొండవైపు వీపు పెట్టి, ఫోను ఎత్తి, పళ్ళు బయటపెడితే చాలు. కొండే వచ్చి మన వెనక నిలబడుతుంది. మర్యాద తెలిసిన కొండ!

జనం ఎక్కువని కొందరు సణుగుతారు. జనం లేకపోతే మన ఫోటో ఎవరు తీస్తారండీ? వ్యూ పాయింట్ దగ్గర నా మోచేయి తగిలిన పెద్దమనిషి పక్కటెముకలు పట్టుకుని మరీ నాకు ఫోటో తీసిపెట్టాడు. అందులో నా చెవి చాలా బాగా వచ్చింది.

మా ఆవిడకు ఈ జ్ఞానం లేదు. మంచుకొండ చూడాలని పెళ్ళైన కొత్తలో అడిగింది. పిల్లలు, బదిలీలు, నా బద్ధకం అన్నీ దాటి, ఆవిడ మోకాళ్ళు మొరాయించాక తీసుకెళ్ళాను. కూర్చుంటూ, లేస్తూ ఎక్కింది. తీరా పైకి వెళ్తే అంతా పొగమంచు!

"కాసేపు ఆగి చూద్దామండీ," అంది.

"చూసేదేముంది? ముందు సెల్ఫీ కానివ్వు," అన్నాను.

మాతో వచ్చిన మా బావమరిది కుటుంబంతో సహా అందరం బారు తీరాం. నాకున్న నాలుగు వెంట్రుకలూ సర్దుకుని నొక్కబోతుంటే జనం ఒక్కసారిగా హోరుమన్నారు. మేం కదిలామా? టక్కున నొక్కేశాను. ఫోటో క్రమశిక్షణ అంటే అదీ! మా ఆవిడ మాత్రం వెనక్కి తిరిగిపోయింది.

"ఇటు చూడు! ఫోటో అంతా పాడుచేశావు!" అని అరిచాను. మళ్ళీ సర్దుకునేసరికి వెనక ఉన్నది మళ్ళీ పొగమంచే.

దిగేదాకా ఆవిడను సాధిస్తూనే ఉన్నాను. గేటు దగ్గర పార్కులో పనిచేసే అమ్మాయి, "సంతృప్తిగా ఉందాండీ?" అని అడిగింది. పార్కింగ్, టాయిలెట్లు, సిగ్నల్ మీద నేను ఉపన్యాసం దంచాను. మా ఆవిడ, "కనిపించిందమ్మా," అని ఊరుకుంది.

ఇంటికొచ్చాక, పాడైన ఆ ఫోటో తీసేద్దామని తెరిచాను. పొగమంచు విడిపోయి ఉంది. కొండ భుజాలు రెండూ ఎండకు మెరుస్తున్నాయి. శిఖరం ఉండాల్సిన చోట నా బట్టతల! మేమంతా పళ్ళికిలిస్తున్నాం. ముఖం కనిపించనిది ఆవిడ ఒక్కతిదే.

నాకు నిజంగానే సిగ్గేసింది. వంటింట్లోకి వెళ్ళి, "ఇంతకీ ఆ శిఖరం ఎలా ఉందోయ్?" అని మెల్లగా అడిగాను.

కూరలు తరుగుతున్న ఆవిడ తలెత్తకుండానే అంది: "మీ ఫోన్లో ఉందిగా, చూసుకోండి."